మదర్‌బోర్డు లిస్టులో లేని జియాన్ ఈ5450: ఏడాది వాడాక రాస్తున్న రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, ఈ ప్రాసెసర్ నాకు బాగా నచ్చింది. ఇంకొకరికి కొనమని చెప్పాలంటే మాత్రం ఆ మనిషికి బయాస్‌తో (కంప్యూటర్ ఆన్ కాగానే బోర్డుని నిద్రలేపే సాఫ్ట్‌వేర్) కుస్తీ పట్టే ఓపిక ఉందో లేదో కనుక్కున్నాకే చెప్తాను. ఎందుకలాగో కింద వివరంగా రాశాను, కాస్త పొడుగైంది.

ఇంటెల్ జియాన్ ఈ5450 అనేది 2007 నవంబరులో సర్వర్ల కోసం వచ్చిన ప్రాసెసర్. నాలుగు కోర్లు, 3.0 గిగాహెర్ట్జ్, 12 ఎంబీ ఎల్2 క్యాష్ (ప్రాసెసర్ లోపలి చిన్న మెమరీ), 1333 ఎఫ్‌ఎస్‌బీ (ప్రాసెసర్‌ని బోర్డుకి కలిపే బస్సు వేగం), 80 వాట్లు. దీని సాకెట్, అంటే బోర్డులో ఇది కూర్చునే గూడు, ఎల్‌జీఏ 771. నా దగ్గర ఉన్నది ఎల్‌జీఏ 775 సాకెట్‌తో ఉన్న మామూలు జీ41 చిప్‌సెట్ బోర్డు. అంటే సాకెట్ పేరే వేరు, ఇక బోర్డు కంపెనీ ఇచ్చిన సపోర్ట్ లిస్టులో ఈ ప్రాసెసర్ పేరు ఎక్కడుంటుంది! ఆ లిస్టు కోర్ 2 క్వాడ్ క్యూ9550 దగ్గర ఆగిపోయింది. నేను కొన్నది ముందే స్టిక్కర్ అంటించి, అంచుల్లో గాట్లు కోసి, 775 బోర్డులో నేరుగా పెట్టుకునేలా తయారుచేసి అమ్మే రకం.

ఇంత పాత బోర్డు మీద ఇంత శ్రమ ఎందుకంటారా, దానికి నాకో కారణం ఉంది. నా దగ్గర స్కజీ కేబుల్‌తో పనిచేసే ఒక పాత ఫిల్మ్ స్కానర్ ఉంది, దాని కార్డు పెట్టడానికి పీసీఐ స్లాట్ కావాలి. ఎక్స్‌ప్రెస్ కాదు, పాత తెల్ల స్లాటు. నాన్న తీసిన నెగటివ్‌లు డబ్బాల నిండా ఉన్నాయి, అవన్నీ స్కాన్ చేసి, గీతలూ దుమ్మూ తీసేసి దాచాలని నా పట్టుదల. బోర్డు బాగానే ఉంది, స్కానర్ బాగానే ఉంది, లినక్స్‌లో సేన్ అనే స్కానర్ డ్రైవర్లతో చక్కగా నడుస్తోంది. నత్తనడక నడిచేది ఒక్క ప్రాసెసరే. అప్పటిదాకా ఉన్నది కోర్ 2 డుయో ఈ7500, రెండు కోర్లు, 3 ఎంబీ క్యాష్. ఒక్కో రోల్ శుభ్రం చేయడానికి పెట్టి పడుకుంటే పొద్దున్నకి గానీ అయ్యేది కాదు. లిస్టులో ఉన్న క్యూ9550 కొనొచ్చు కదా అంటే, సెకండ్ హ్యాండ్‌లో డెస్క్‌టాప్ క్వాడ్‌ల కోసం అందరూ వెతుకుతారు, సర్వర్లలోంచి తీసేసిన జియాన్‌లు మాత్రం చాలా చవగ్గా దొరుకుతాయి. పైగా ఈ5450 అంటే దాదాపు క్యూ9650యే. అదే వేగం, అదే క్యాష్, అదే బస్సు. 95 వాట్ల బదులు 80 వాట్లు, అంతే తేడా.

ఇది ఎలా సాధ్యమైందో తెలిస్తే తర్వాత వచ్చే చిక్కులు కూడా అర్థమవుతాయి. ఆ కాలపు ఇంటెల్ ప్రాసెసర్లలో మెమరీ కంట్రోలర్ ప్రాసెసర్ లోపల ఉండేది కాదు, బోర్డు మీది నార్త్‌బ్రిడ్జ్ చిప్‌లో ఉండేది. అందుకని ప్రాసెసర్ బోర్డుని అడిగేది చాలా తక్కువ: తగిన వోల్టేజీ, తగిన బస్సు వేగం, బయాస్‌లో తన మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి పనితీరుని సరిదిద్దే చిన్న కోడ్). ఈ మూడూ కుదిరితే చాలు. సర్వర్ జియాన్‌లోనూ డెస్క్‌టాప్ క్వాడ్‌లోనూ లోపలి సిలికాన్ ఒకే కుటుంబానిది, 45 నానోమీటర్ల డ్యూయల్ కోర్ ముక్కలు రెండు ఒకే ప్యాకేజీలో పక్కపక్కన ఉంటాయి. 771, 775 సాకెట్ల మధ్య పనిని అడ్డుకునే అసలు తేడా రెండు కాంటాక్టులు తారుమారుగా ఉండటం, అంచు గాట్లు వేరే చోట ఉండటం. ఆ రెండు కాంటాక్టుల్ని అటూ ఇటూ మార్చడమే ఆ చిన్న స్టిక్కర్ పని. అగ్గిపుల్ల తలంత కూడా ఉండదు, పల్చటి ఫిల్మ్ మీద రాగి గీతలు రెండు, అంతే.

గాట్లు కోసి ఉన్నదే కొనమని గట్టిగా చెప్తాను. కోయనిది కొంటే సాకెట్ లోపలున్న రెండు ప్లాస్టిక్ బొడిపెల్ని బ్లేడుతో కోసేయాలి. ఆ బొడిపెల పక్కనే వెంట్రుకల్లాంటి స్ప్రింగు పిన్నులు వందల కొద్దీ ఉంటాయి. బ్లేడు ఒక్కసారి జారిందా, బోర్డు పోయినట్టే. వంగిన పిన్నుని సూదితో నిలబెట్టినవాళ్లు లేకపోలేదు, కానీ ఒక ప్రాసెసర్ పెట్టడం కోసం ఆ సాహసం అక్కర్లేదు. నాకు వచ్చిన దానిలో గాట్లు నున్నగా, కొలత ప్రకారం ఉన్నాయి, సాకెట్‌లో ఎక్కడా పట్టకుండా కూర్చుంది. ఈ విషయంలో అమ్మినవాళ్లకి పూర్తి మార్కులు.

స్టిక్కర్ విషయంలో మాత్రం మార్కులు తగ్గించక తప్పదు. ప్రాసెసర్ పెట్టి, పేస్ట్ రాసి, కూలర్ బిగించి ఆన్ చేస్తే ఫ్యాన్లు తిరిగాయి, స్క్రీన్ మీద ఏమీ రాలేదు. బీప్ కూడా లేదు. ర్యామ్ తీసి పెట్టాను, గ్రాఫిక్స్ కార్డు తీసేశాను, సీమాస్ బ్యాటరీ తీసి అరగంట ఆగాను, లాభం లేదు. పాత ఈ7500 మళ్లీ పెడితే బోర్డు మామూలుగా లేచింది, అప్పుడు గానీ మనసు కుదుటపడలేదు. భూతద్దం పెట్టి చూస్తే తెలిసింది, స్టిక్కర్ ఒక పక్కకి వెంట్రుకవాసి జరిగి ఉంది, రాగి గీత పక్క కాంటాక్టుని తాకుతోంది. దాన్ని ఒలిచేసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో జిగురంతా తుడిచి, ప్యాకెట్‌లో అదనంగా పంపిన ఇంకో స్టిక్కర్‌ని పట్టకారుతో సరిగ్గా అంటించాను. ఈసారి ఆన్ చేయగానే లేచింది. అదనపు స్టిక్కర్ పంపినందుకు అమ్మినవాళ్లకి కృతజ్ఞతలు, కానీ అంటించిందే సరిగ్గా అంటిస్తే నాకా సాయంత్రం టెన్షన్ ఉండేది కాదు. మీకు వస్తే సాకెట్‌లో పెట్టే ముందే భూతద్దంలో చూడండి. పెట్టాక కాదు, ముందే.

ఇక్కడి నుంచే అసలు రివ్యూ మొదలవుతుంది, ఎందుకంటే చాలామంది ఇక్కడే ఆగిపోయి "పనిచేసింది" అని రాసేస్తారు. లేవడం వేరు, సరిగ్గా పనిచేయడం వేరు. నా బోర్డు లేవగానే తెలియని ప్రాసెసర్ అని చెప్పి, ఎఫ్1 నొక్కమని ఆగిపోయింది. నొక్కితే లినక్స్‌లోకి వెళ్లింది, నాలుగు కోర్లూ కనిపించాయి, స్కానర్ కూడా పలికింది. సంబరంగానే ఉంది. కానీ ప్రాసెసర్ ఖాళీగా ఉన్నా సరే 3.0 గిగాహెర్ట్జ్ నుంచి కిందికి దిగట్లేదు. ఫీచర్ల జాబితా తీసి చూస్తే ఎస్‌ఎస్‌ఈ4.1 లేదు. ఇది ఈ ప్రాసెసర్‌కి ఉండాల్సిన సూచనల సమితి, ఇమేజ్ ప్రాసెసింగ్‌కి పనికొచ్చేది, సరిగ్గా నాకు కావాల్సింది. ప్రాసెసర్ సమాచారం చూపే ఫైల్లో మైక్రోకోడ్ సంఖ్య సున్నా. అంటే బయాస్ దీనికి ఏ మైక్రోకోడూ ఇవ్వలేదన్నమాట.

ఇది నన్ను చాలాసేపు తికమక పెట్టింది. బోర్డు లిస్టులో క్యూ9550 ఉంది, అందులో ఈ0 స్టెప్పింగ్ (అదే చిప్‌లో సవరించిన విడత) రకం కూడా ఉంది, నా జియాన్ కూడా ఈ0యే, రెండింటి సీపీయూఐడీ (ప్రాసెసర్ తన రకాన్ని చెప్పుకునే సంఖ్య) 1067ఏ. మరి అదే మైక్రోకోడ్ దీనికి ఎందుకు పట్టలేదు? కారణం ఏమిటంటే ఇంటెల్ మైక్రోకోడ్ ఫైలుకి సీపీయూఐడీతో పాటు ప్లాట్‌ఫారం గుర్తు అని ఇంకొకటి ఉంటుంది. డెస్క్‌టాప్ ప్యాకేజీకి ఒక గుర్తు, 771 సర్వర్ ప్యాకేజీకి ఇంకో గుర్తు. రెండూ కలిస్తేనే ప్రాసెసర్ ఆ ఫైల్ని ఒప్పుకుంటుంది. సిలికాన్ ఒకటే, ఇంటిపేరు వేరు. అందుకే బోర్డు సీపీయూ లిస్టులో దగ్గరి బంధువు కనిపించినా అది సరిపోదు. ఈ ఒక్క ముక్క ముందే తెలిసి ఉంటే నాకు మూడు రాత్రులు మిగిలేవి.

లినక్స్ బూట్ అయ్యేటప్పుడు తనే మైక్రోకోడ్ ఎక్కించగలదు, ఇంటెల్ మైక్రోకోడ్ ప్యాకేజీ వేస్తే చాలు. వేశాను. సంఖ్య సున్నా నుంచి మారింది, నిజంగానే ఎక్కింది. అయినా ఎఫ్1 గోల పోలేదు, వేగం దిగడమూ లేదు. ఎందుకంటే ఏ వేగానికి ఎంత వోల్టేజీ అనే పట్టికల్ని తయారుచేసి ఆపరేటింగ్ సిస్టంకి అప్పగించాల్సింది బయాస్. ప్రాసెసర్‌నే గుర్తుపట్టని బయాస్ ఆ పట్టికలు ఇవ్వదు. కాబట్టి బయాస్‌లోనే మార్పు చేయాలి, వేరే దారి లేదు.

బయాస్ మార్చడం గురించి భయపెట్టను గానీ తేలిగ్గా తీసుకోమనీ చెప్పను. బయాస్ ఏఎంఐది అయితే ఎంఎంటూల్, అవార్డ్‌ది అయితే సీబీరామ్, ఈ టూల్స్‌తో కంపెనీ ఇచ్చిన బయాస్ ఫైల్లోకి సర్వర్ రకం 1067ఏ మైక్రోకోడ్‌ని చేర్చాలి. చోటు చాలకపోతే మీరెప్పటికీ వాడని పాత ప్రాసెసర్ల మైక్రోకోడ్‌లు తీసేయాలి. నేను చేర్చాను. ఫ్లాష్ చేసే ముందు నా దగ్గర రెండు ఉండేలా చూసుకున్నాను: అప్పటికి చిప్‌లో ఉన్న బయాస్ కాపీ ఒకటి, బయటి నుంచి చిప్‌లోకి రాసే ప్రోగ్రామర్ ఒకటి. సీహెచ్341ఏ అనే చిన్న యూఎస్‌బీ ప్రోగ్రామర్ దొరుకుతుంది, నా బోర్డులో బయాస్ చిప్ సాకెట్‌లో ఉండే ఎనిమిది కాళ్ల రకం కావడంతో పీకి అందులో పెట్టి చదివేశాను. చిప్ బోర్డుకి టంకం వేసి ఉంటే క్లిప్పు కావాలి. ఆ ప్రోగ్రామర్ల నల్ల రంగు రకాల్లో 3.3 వోల్టుల చిప్‌కి డేటా కాళ్ల మీద 5 వోల్టులు వెళ్లే లోపం ఉంది, కొనేటప్పుడు వోల్టేజీ మార్చుకునే వీలున్నది చూసి తీసుకోండి. చదివిన కాపీని రెండుసార్లు చదివి, రెండూ ఒకటేనని పోల్చి చూశాకే కొత్తది రాశాను. ఈ జాగ్రత్తలు లేకుండా, కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని వేళ, డాస్ పెన్‌డ్రైవ్‌తో ఫ్లాష్ చేసేయమని ఎవరైనా చెబితే వినకండి.

ఆ తర్వాత ఆన్ చేస్తే, తెరమీద జియాన్ ఈ5450 అని పూర్తి పేరుతో వచ్చింది. ఎఫ్1 లేదు. ఎస్‌ఎస్‌ఈ4.1 వచ్చింది. ఖాళీగా ఉన్నప్పుడు వేగం 2.0 గిగాహెర్ట్జ్‌కి దిగుతోంది, పని పడగానే 3.0కి ఎక్కుతోంది. ఆ పేరు చూసినప్పుడు నిజంగా కళ్లు చెమర్చాయి. పదిహేను రోజుల పని అది.

పనితీరు సంగతి. నాకు కావాల్సిన పనిలో తేడా చాలా స్పష్టంగా ఉంది. ఒక రోల్ ఫోటోల శుభ్రతకి ఇదివరకు పట్టే సమయంలో సగం కంటే తక్కువ పడుతోంది. కోర్లు రెట్టింపు, క్యాష్ నాలుగు రెట్లు, బస్సు 1066 నుంచి 1333కి పెరిగింది కాబట్టి అది ఆశ్చర్యమేమీ కాదు. ఒక పక్క స్కానింగ్ నడుస్తుండగా ఇంకో పక్క ఫోటో తెరిచి చూసుకోవచ్చు, ఇంతకుముందు అలా చేస్తే మౌస్ కూడా కదిలేది కాదు. ఒకే కోర్ మీద నడిచే పనుల్లో మాత్రం పెద్ద తేడా ఆశించొద్దు, 2.93 నుంచి 3.0కి వచ్చామంతే. ఇప్పటి బ్రౌజర్‌లో బరువైన పేజీలు తెరిస్తే ఇది పాత యంత్రమే అని తెలిసిపోతుంది. జీ41 చిప్‌సెట్ 8 జీబీ మెమరీకి మించి ఒప్పుకోదు, అదింకో హద్దు.

వేడి గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ నేను చేసిన తప్పు చాలామంది చేస్తారు. నాలుగు కోర్ల ప్రాసెసర్ కదా అని పాత బాక్స్ కూలర్ తీసేసి నిలువుగా ఉండే టవర్ కూలర్ పెట్టాను. ప్రాసెసర్ వేడి బాగా తగ్గింది. కానీ గంటసేపు పూర్తి లోడు మీద పని నడిస్తే యంత్రం హఠాత్తుగా ఆగిపోయేది. నేను ముందు జియాన్‌నే అనుమానించాను, తర్వాత పవర్ సప్లైని. చివరికి సాకెట్ పక్కన ప్రాసెసర్‌కి విద్యుత్తు సర్ది ఇచ్చే వీఆర్ఎం మాస్‌ఫెట్‌ల మీద వేలు పెడితే క్షణం కూడా ఉంచలేకపోయాను. ఈ చవక బోర్డులో విద్యుత్తు ఇచ్చే ఫేజులు మూడే, వాటి మీద హీట్ సింకులు లేవు. ప్రాసెసర్‌తో వచ్చే పాత కూలర్ గాలిని కిందికి ఊదుతుంది, ఆ గాలి పక్కకి పాకి మాస్‌ఫెట్‌లని చల్లబరుస్తుంది. టవర్ కూలర్ గాలిని పక్కకి, బోర్డుకి ఎగువన తోసేస్తుంది, కింద గాలాడదు. లిస్టులో 95 వాట్ల క్వాడ్‌కి అనుమతి ఉందంటే అది కిందికి ఊదే కూలర్ ఉంటుందనే లెక్కలో ఇచ్చిన అనుమతి అని నాకప్పుడు అర్థమైంది. కిందికి ఊదే పెద్ద కూలర్ ఒకటి పెట్టి, మాస్‌ఫెట్‌ల మీద థర్మల్ టేపుతో చిన్న అల్యూమినియం ముక్కలు అంటించాను. ఆ తర్వాత ఒక్కసారి కూడా ఆగలేదు.

అందుకే ఇదే వరసలో ఎక్స్5460, ఎక్స్5470 వైపు వెళ్లకండి. వేగం 3.16, 3.33 అని ఊరిస్తాయి గానీ రెండూ 120 వాట్లు. మంచి పీ45 బోర్డు, దండిగా ఫేజులు, హీట్ సింకులు ఉంటే మీ ఇష్టం. జీ41 లాంటి బోర్డులకి మాత్రం 80 వాట్ల ఈ5440, ఈ5450 సరైనవి. చిన్న డబ్బాలో నిశ్శబ్దంగా నడవాలంటే 2.5 గిగాహెర్ట్జ్ ఎల్5420 కూడా ఉంది, అది 50 వాట్లే. ఉష్ణోగ్రత చూపే సాఫ్ట్‌వేర్ చెప్పే అంకెల్ని కూడా గుడ్డిగా నమ్మొద్దు. ఆ తరం 45 నానోమీటర్ల చిప్‌ల సెన్సార్లు ఖాళీగా ఉన్నప్పుడు ఒక అంకె దగ్గర ఇరుక్కుపోతాయి, నా దాంట్లో రెండు కోర్లు అలాగే ఉన్నాయి. లోడు మీద ఉన్నప్పటి అంకె చూసుకుంటే చాలు.

ఇక ఇది చేయలేనివి. కొత్త ప్రాసెసర్లకి తెలిసిన అదనపు సూచనల్లో ఎస్‌ఎస్‌ఈ4.2 లేదు, పాప్‌కౌంట్ లేదు, ఏవీఎక్స్ లేదు. మైక్రోకోడ్ మార్చినా ఇవి రావు, సిలికాన్‌లోనే లేవు. అందువల్ల విండోస్ 11లో 24హెచ్2 నుంచి ఇది బూట్ కాదు, ఏ కిటుకూ పనిచేయదు. ఏవీఎక్స్ అడిగే సాఫ్ట్‌వేర్‌లు మొరాయిస్తాయి, టెన్సర్‌ఫ్లో 1.6 నుంచి వాళ్లిచ్చే రెడీమేడ్ ప్యాకేజీలు, మోంగోడీబీ 5.0 లాంటివి అన్నమాట. కొత్త గేముల కోసం ఇది కొనాలనుకునేవాళ్లు అక్కడే ఆగిపోండి, గ్రాఫిక్స్ కార్డు ఎంత మంచిదైనా గేమ్ తెరుచుకోకుండానే మూసుకుపోతుంది. భద్రత సంగతి ఇంకా ముఖ్యం. ప్రాసెసర్లలోంచి రహస్య సమాచారం పొక్కే స్పెక్టర్ లోపాలు బయటపడ్డాక ఏ ప్రాసెసర్లకి మైక్రోకోడ్ ఇస్తామో, ఏవాటికి ఇవ్వమో 2018 ఏప్రిల్‌లో ఇంటెల్ ఒక పట్టికలో చెప్పింది. ఈ5450 చెందిన హార్పర్‌టౌన్ కుటుంబం ఇవ్వని వరసలో ఉంది. అందుకే నేను ఈ యంత్రంలో బ్యాంకు పని చేయను, నెట్ తీగ పీకేసే ఉంచుతాను, అప్‌డేట్ చేసుకునేటప్పుడే పెడతాను. మీరు దీన్ని రోజువారీ కంప్యూటర్‌గా ఇంట్లో పెద్దవాళ్లకి ఇవ్వాలనుకుంటుంటే దయచేసి మానుకోండి.

ఇదే ధైర్యంతో కొత్త బోర్డుల మీద పడొచ్చా అంటే, ఒక్కో తరం కథ ఒక్కోలా ఉంది. ఎల్‌జీఏ 1151లో పిన్నుల సంఖ్య ఒకటే అయినా కాఫీ లేక్ అనే తర్వాతి తరం ఇంటెల్ ప్రాసెసర్లని జడ్170, జడ్270 బోర్డుల్లో వాడటానికి ఇంటెల్ ఒప్పుకోలేదు, అయినా పట్టు వదలని వాళ్లు బయాస్ మార్చి, కొన్ని కాంటాక్టులు కప్పి నడిపించారు. ఏఎండీ వాళ్ల ఏఎం4 సాకెట్ సంగతి దీనికి తలకిందులు. 2020లో బీ450, ఎక్స్470 బోర్డుల్లో జెన్ 3 తరం ప్రాసెసర్లకి చోటు ఉండదన్నారు, వాడేవాళ్లు గట్టిగా అడిగాక మాట మార్చుకున్నారు, 2022కి వచ్చేసరికి 300 సిరీస్ బోర్డులకి కూడా దారి తెరిచారు. లిస్టులో లేనిది రేపు లిస్టులోకి రావచ్చు, ఏఎం4 బోర్డు ఉన్నవాళ్లు కిటుకులకి ముందు కొత్త బయాస్ వచ్చిందేమో చూసుకోవడం మంచిది. 775 వాళ్లకి ఆ ఆశ లేదు, ఇక ఏ కంపెనీ కొత్త బయాస్ ఇవ్వదు, మనమే చేసుకోవాలి.

కొనేవాళ్లకి నా మాటలు రెండు మూడే. బోర్డు చిప్‌సెట్ 1333 బస్సుని, 45 నానోమీటర్ల క్వాడ్‌లని ఒప్పుకునేదై ఉండాలి, జీ41, పీ43, పీ45 లాంటివి. పాత 945 చిప్‌సెట్ బోర్డు మీద డబ్బు పెట్టకండి. ప్రాసెసర్ మూత మీద ఎస్‌ఎల్‌బీబీఎం అని ఉంటే అది ఈ0 స్టెప్పింగ్, ఎస్‌ఎల్‌ఏఎన్‌క్యూ అని ఉంటే పాత సీ0, దాని సీపీయూఐడీ 10676, మైక్రోకోడ్ కూడా వేరేది చేర్చాలి. అమ్మేవాళ్లు ఫోటోలో ఒకటి చూపించి ఇంకొకటి పంపుతారు కాబట్టి మూత ఫోటో అడిగి తీసుకోండి. అదనపు స్టిక్కర్లు ఇస్తారా అని కూడా అడగండి.

ఐదుకి నాలుగు ఇస్తున్నాను. తగ్గించిన ఆ ఒక్కటీ వంకరగా అంటించిన స్టిక్కర్‌కి. ఇప్పటికి అరవై మూడు రోల్స్ అయ్యాయి, ఇంకా రెండు డబ్బాలున్నాయి. ఇది రాస్తుండగా పక్కన స్కానర్ అరవై నాలుగోది లాగుతోంది.